బురద ఎత్తివేత గల్లీ నుంచే మొదలవ్వాలి

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతానికి వరద ముప్పు రెండు వైపుల నుంచి ఉంది. ఒకటి తాపీ నది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీటిని వదిలినప్పుడు సూరత్ నగరంలో అధిక భాగం మునిగిపోయింది. అలాంటి వరద తరానికోసారి వస్తుంది. రెండో ముప్పు ఖాడీ, అంటే నగరం గుండా పారే వాగు. తూర్పున పల్సానా, కామ్‌రెజ్ వైపు గట్టి వాన పడితే ఆ నీళ్లన్నీ నగరంలోని వాగుల్లోకి చేరతాయి. అదే సమయానికి సముద్రం పోటు మీద ఉంటే వాగు నీటికి ముందుకు పోయే దారి ఉండదు. అప్పుడు మీఠీ ఖాడీ గట్టు దాటి లింబాయత్ గల్లీల్లోకి వస్తుంది. 2025 జూన్ చివరి వారంలో జరిగింది ఇదే. ఈ వరదలో ప్రాణనష్టం తక్కువ కావచ్చు, కానీ ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఇళ్ల ముందు, సాంచా ఖాతాల (మరమగ్గాల కార్ఖానాల) ముందు మురుగు కలిసిన నల్లటి బురదను వదిలి వెళ్తుంది. నీళ్లు తోడడానికి పంపులున్నాయి, జనాన్ని దాటించడానికి పడవలున్నాయి, ఆకలి తీర్చడానికి ఆహార పొట్లాలున్నాయి. బురద ఎత్తడానికి మాత్రం ఇరుకు గల్లీకి సరిపోయే పద్ధతి లేదు. ఆ పద్ధతిని వానాకాలానికి ముందే ఏర్పాటు చేసుకోవాలని, దానికి గల్లీలో పట్టే చిన్న ట్రాక్టరే తగిన సాధనమని నా వాదన.

ముందుగా ఈ బురద ఎవరిని దెబ్బతీస్తుందో చూడాలి. లింబాయత్‌లో తెలుగు మాట వినపడని వీధి తక్కువ. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి తరాలుగా వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడ మరాఠీ, ఉర్దూ, ఒడియా, హిందీ మాట్లాడే శ్రామికుల పక్కనే స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. సాంచాల మీద పనిచేసే కార్మికుడికి నెల జీతం ఉండదు, నేసిన మీటర్లను బట్టి కూలి. ఖాతాకు వెళ్లే దారి మూసుకుపోతే ఆ రోజు మీటర్లు లేవు, మీటర్లు లేకపోతే కూలి లేదు. ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టే ఆడవాళ్ల పనీ అంతే. సరుకు తెచ్చే బండి గల్లీలోకి రాకపోతే పని రాదు, తడి నేల మీద పరిచిన చీర చెడిపోతే నష్టం వాళ్ల నెత్తినే పడుతుంది. నెల జీతం ఉన్నవాడికి బురద చిరాకు తెప్పిస్తుంది. మీటరు కూలి మీద బతికేవాడికి బురద ఉన్నన్నాళ్లూ ఇంట్లో పొయ్యి మీద ప్రభావం ఉంటుంది. అందుకే బురద ఎన్ని రోజుల్లో పోతుందన్నది శుభ్రతకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, కూలికి సంబంధించిన ప్రశ్న కూడా.

ఆ బురద ఎంత ఉంటుందో లెక్క వేసుకుంటే సమస్య తీవ్రత అర్థమవుతుంది. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న ఒక మామూలు గల్లీలో ఐదు సెంటీమీటర్ల మందాన, అంటే చీలమండ కూడా మునగనంత బురద పేరుకుందనుకుందాం. అది 15 ఘనపు మీటర్లు. తడి బురద ఘనపు మీటరు టన్నున్నరకు పైనే తూగుతుంది కాబట్టి ఒక్క గల్లీలో ఇరవై నాలుగు టన్నుల దాకా ఉంటుంది. ఇరవై కిలోలు పట్టే తట్టతో మోస్తే పన్నెండు వందల తట్టలు. నలుగురు మనుషులు పొద్దంతా వంగి లేచినా ఒక రోజులో తెమిలే పని కాదు. ఈలోగా ఎండ కాస్తే మరో చిక్కు. వరద బురదలో సన్నటి ఒండ్రు ఎక్కువ. తడిగా ఉన్నప్పుడు నెడితే జారుతుంది. రెండు రోజులు ఎండితే పెళ్లలు కట్టి నేలను పట్టుకుంటుంది, అప్పుడు పలుగు లేనిదే ఊడదు. ఇంకో రెండు రోజులకు బళ్ల చక్రాల కింద నలిగి దుమ్మై లేస్తుంది. ఆ దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది, సాంచా మీద ఉన్న బట్టలోకీ వెళ్తుంది. అంటే బురద తీయడానికి అనువైన గడువు చాలా చిన్నది. నీళ్లు దిగిన మొదటి రెండు రోజుల్లో ఒక గంటలో అయ్యే పని నాలుగో రోజుకు ఒక పూట పడుతుంది.

ఇలాంటి తక్కువ గడువుతో ప్రతి ఏడూ తలపడే సమాజాలు ప్రపంచంలో ఉన్నాయి. మంచు కురిసే అమెరికా, కెనడా పల్లెల్లో రోడ్డు నుంచి ఇంటి దాకా ఉండే దారి తరచుగా కంకర దారే. దాని మీద మంచు పడితే తొక్కిడికి గట్టిపడి గడ్డకట్టక ముందే తీయాలి. రోడ్ల మీద తిరిగే భారీ యంత్రం ఆ దారిలోకి రాదు, వచ్చినా కంకరంతా లేపేస్తుంది. అందుకని అక్కడి ఇళ్లవాళ్లు వేసవిలో గడ్డి కోసే తోట ట్రాక్టరుకే చలికాలంలో ముందువైపు ఒక ఇనుప బ్లేడు తగిలించి మంచును పక్కకు నెడతారు. చూడ్డానికి ఇది చిన్న ఇంటి పనే. కానీ అందులో ఏళ్ల తరబడి పనిలో నలిగి తేలిన పద్ధతి ఉంది, లింబాయత్‌కు పనికొచ్చేది ఆ పద్ధతే. మొదటిది, బ్లేడును నేలకు ఆనించరు. బ్లేడు కింద రెండు చిన్న ఇనుప పాదాలు బిగించి నేలకు అంగుళం ఎత్తున నిలుపుతారు, అడుగున కొద్దిగా మంచు మిగిలినా సరే కంకర కదలకూడదని. రెండోది, మంచు కాలం రాకముందే దారి అంచుల్లో, గుంటల దగ్గర కర్రలు పాతుతారు, అంతా తెల్లగా కప్పేశాక ఏది ఎక్కడుందో తెలియదు కాబట్టి. మూడోది, మొదటిసారి పడ్డ మంచునే దారి అంచుకు బాగా అవతలికి నెడతారు, అంచునే కుప్ప పోస్తే రెండోసారి పడేదానికి చోటుండదని. నాలుగోది, ఆగి ఒక్కసారి తీద్దామని చూడరు, పడుతున్న కొద్దీ తీస్తారు.

ఈ నాలుగింటినీ గల్లీకి అన్వయించి చూడండి. మన గల్లీల్లో పరిచేవి ఇసుక మీద పేర్చిన పేవర్ బ్లాకులు. ఏడు టన్నులు దాటే జేసీబీ తొట్టిని నేలకు ఆనించి లాగితే బురదతో పాటు బ్లాకులూ లేస్తాయి, మ్యాన్‌హోల్ మూతలూ లేస్తాయి, నల్లా పైపులూ పగులుతాయి. ఆపైన నెలల తరబడి ఆ గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. అంగుళం ఎత్తున నిలిపిన బ్లేడు, దాని అంచుకు నేలను తాకేలా రబ్బరు పట్టీ ఉంటే నేల దెబ్బతినదు, అడుగున మిగిలిన పలుచటి పొరను పైపు నీళ్లతో కడగొచ్చు. కర్రలు పాతినట్టే వానలకు ముందు మ్యాన్‌హోళ్లు, మోరీ జాలీలు ఎక్కడున్నాయో ఎదురు గోడల మీద రంగుతో గుర్తులు వేయాలి. బురద కింద మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలియకపోవడం యంత్రానికే కాదు, నడిచే మనిషికీ ప్రాణాపాయం. బురదను ఎటు నెట్టాలన్నది ముందే తేల్చుకోవాలి. పక్కకు నెట్టి మోరీ జాలీ మీద కుప్ప పోస్తే తర్వాతి వానకు అదే బురద తిరిగి ఇంట్లోకి వస్తుంది. ప్రతి గల్లీకి చివర, మోరీకి దూరంగా, ట్రాలీ నిలిచే చోటు ఒకటి నిర్ణయించి ఉండాలి.

యంత్రం కోసం విదేశాల వైపు చూడాల్సిన పని లేదు. పదిహేను హార్స్‌పవర్ స్థాయి మినీ ట్రాక్టర్ల తయారీకి గుజరాత్‌లోని రాజ్‌కోటే పేరుమోసిన కేంద్రం. పత్తి, చెరకు సాళ్ల మధ్య, పండ్ల తోటల్లో చెట్ల మధ్య తిరగడానికి చేసిన బళ్లు అవి. వెడల్పు మీటరుకు అటూ ఇటూ, బరువు టన్నుకు లోపు. జేసీబీ వెడల్పు రెండు మీటర్లు దాటుతుంది. మూడు మీటర్ల గల్లీలో మెట్లు, నిలిపిన మోటారు సైకిళ్లు, కరెంటు స్తంభాలు పోను అది తిరగడానికి చోటెక్కడిది? సందులో దూరలేని యంత్రం ఎంత బలమైనదైనా ఆ సందుకు పనికిరాదు. సాధనాన్ని దాని బలంతో కాకుండా పనిచేయాల్సిన చోటి కొలతతో ఎంచుకోవాలన్నది రైతుకు తెలిసిన లెక్కే. తోట సాళ్ల కొలత చూసి బండి కొన్నట్టే గల్లీ కొలత చూసి వార్డుకు బండి కొనాలి.

యంత్రం ఎంత ముఖ్యమో వరస కూడా అంతే ముఖ్యం. ఏ నగరంలోనైనా సహజంగా ముందు పెద్ద రోడ్డును తెరుస్తారు, తర్వాత మధ్య రోడ్లు, చివరికి గల్లీలు. అత్యవసర వాహనాలు తిరగాలంటే పెద్ద రోడ్డు తెరవక తప్పదు, అందులో తప్పు లేదు. కానీ పెద్ద రోడ్డు తెరిచిన యంత్రాలే గల్లీలకూ రావాలని కాచుకుంటే గల్లీ వంతు వచ్చేసరికి బురద పెళ్లకడుతుంది. స్వీడన్‌లో కార్ల్‌స్కోగా అనే చిన్న పట్టణం తన మంచు తొలగింపు వరసను ఇలాగే ప్రశ్నించుకుంది. ముందు కార్ల రోడ్లు, తర్వాత నడక దారులు అన్న పాత పద్ధతి వల్ల పిల్లల్ని బడిలో దింపడానికి, బస్సు ఎక్కడానికి నడిచి వెళ్లేవాళ్లు, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లు ఇబ్బంది పడుతున్నారని గమనించి నడక దారులను ముందుకు తెచ్చింది. కొద్దిపాటి మంచులో కారు నడుస్తుంది, మనిషి జారి పడతాడు అన్నది దాని వెనకున్న తర్కం. లింబాయత్‌లో అయితే పెద్ద రోడ్డా, గల్లీయా అని ఎంచుకోవాల్సిన అవసరం కూడా లేదు. పెద్ద యంత్రాలు పెద్ద రోడ్ల మీద ఉండగానే చిన్న ట్రాక్టర్లు గల్లీల్లో ఉండొచ్చు. రెండు పనులూ ఒకే రోజు మొదలవుతాయి.

దీని మీద వచ్చే మొదటి అభ్యంతరం సాంకేతికమైనది, బలమైనది కూడా. కొత్తగా పడ్డ మంచు ఘనపు మీటరుకు వంద కిలోలు కూడా తూగదు. బురద దానికి పదిహేను రెట్లకు పైగా బరువు. మంచును నెట్టే చిన్న బండి బురదను నెట్టగలదా? మంచును నెట్టినట్టు దారి పొడవునా ఏకబిగిన నెడదామంటే నెట్టలేదు, చక్రాలు జారి నిలబడిపోతుంది. అందుకే పద్ధతి మార్చుకోవాలి. నాలుగడుగుల బ్లేడుతో ఐదు సెంటీమీటర్ల బురదను నాలుగు మీటర్ల దూరం నెడితే పోగయ్యేది నాలుగు క్వింటాళ్లకు లోపే. ఆ మాత్రం బరువును నాలుగు చక్రాలూ తిరిగే మినీ ట్రాక్టరు, వెనక కొంత బరువు కట్టుకుని, తడి ఆరకముందు నెట్టగలదు. అలా చిన్న చిన్న కుప్పలు చేసి, ముందు తొట్టి ఉన్న మరో బండితో ఎత్తి ట్రాలీలో పోయాలి. బురద అడుగు మందం దాటిన చోట బ్లేడు పనికిరాదు, తొట్టే కావాలి. మెట్ల మీద, గడపల్లో, మూలల్లో పార పట్టిన మనిషే కావాలి. ట్రాక్టరు అన్నింటికీ మందు అనడం లేదు. పన్నెండు వందల తట్టల్లో వెయ్యి తట్టల బరువును మనిషి నడుము మీద నుంచి దించగలిగితే మిగిలింది మనుషులు తేలిగ్గానే చేసుకుంటారు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. బురద ఎత్తడం గురించి మాట్లాడటమంటే వరద వస్తూనే ఉంటుందని ఒప్పుకోవడం కాదా, ఖాడీని వెడల్పు చేసి, పూడిక తీసి, దాని దారిలో కట్టిన కట్టడాలను తొలగించి అసలు వరదే రాకుండా చేయాలి గదా అని అడగొచ్చు. చేయాల్సిందే. ఆ డిమాండును ఎవరూ వదులుకోకూడదు. కానీ ఖాడీ వెడల్పుకు భూసేకరణ కావాలి, ఖాళీ చేయించిన కుటుంబాలకు వేరే చోట ఇళ్లు కావాలి, నగరం హద్దులకు అవతలి వాగుల మీద కూడా పని జరగాలి. అవన్నీ పూర్తయినా సముద్రపు పోటును ఎవరూ ఆపలేరు. ఆ పనులు ముగిసే లోపు వచ్చే వానాకాలాల్లో ప్రతి దాంట్లోనూ మీటరు కూలి మీద బతికే కుటుంబం పనిరోజులు పోగొట్టుకోవాలా? పైగా వార్డుకు రెండు మూడు మినీ ట్రాక్టర్లు, బ్లేడ్లు కొనే ఖర్చు ఖాడీ పనుల ఖర్చు ముందు లెక్కలోకి రాదు. ఒకటి చేస్తే రెండోది ఆగిపోయేంత పోటీ ఆ రెండింటికీ లేదు.

సూరత్‌కు ఇవన్నీ చెప్పాలా, దేశంలో శుభ్రతకు అదే పాఠం గదా అనేవాళ్లూ ఉంటారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం పంచుకున్న నగరం ఇది. ఆ ఘనతను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, నా వాదనకు ఆ చరిత్రే ఆధారం. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది వదిలి పారిపోయిన నగరం రెండేళ్లు తిరక్కముందే దేశంలో శుభ్రమైన నగరాల వరసలోకి వచ్చింది. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన తెలుగు అధికారి సూర్యదేవర రామచంద్రరావు ఆ మార్పుకు నాయకత్వం వహించారు, 1998లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. ఆయన చేసిన పనుల్లో ముఖ్యమైనది అధికారాన్ని కేంద్ర కార్యాలయం నుంచి జోన్లకు దించడం. జోన్ అధికారి తన పరిధిలో ఖర్చు పెట్టవచ్చు, నిర్ణయం తీసుకోవచ్చు, దానికి జవాబూ చెప్పాలి. అధికారులు రోజూ వీధుల్లోకి వెళ్లి చూడాలి. ఎత్తాల్సిన చెత్తకు దగ్గరగా నిర్ణయం, నిర్ణయానికి దగ్గరగా సాధనం ఉండాలన్న సూత్రం అది. అదే సూత్రాన్ని ఒక మెట్టు కిందికి, జోన్ నుంచి గల్లీకి దించమని నేను అడుగుతున్నాను. కొత్త సిద్ధాంతం ఏమీ లేదు, సూరత్ తనను తాను నిలబెట్టుకున్న పద్ధతినే పూర్తిగా అమలు చేయడం ఇది.

యంత్రం వస్తే పారిశుధ్య కార్మికుల పని పోతుందన్న ఆందోళనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కానీ ఈ బురద ఎలాంటిదో కూడా చూడాలి. దాంట్లో మురుగు ఉంది, ఎలుకల మూత్రం ఉంది, పగిలిన గాజు, మేకులు ఉన్నాయి. సూరత్‌తో సహా దక్షిణ గుజరాత్ జిల్లాల్లో వానాకాలం వస్తే లెప్టోస్పైరోసిస్ భయం ఉంటుంది, పాదం మీద చిన్న గాయం చాలు ఆ క్రిమి లోపలికి పోవడానికి. మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. గల్లీ బురదకు ఆ చట్టం అక్షరాలా వర్తించకపోవచ్చు, దాని వెనకున్న విలువ మాత్రం వర్తిస్తుంది. చేయాల్సింది కార్మికుణ్ణి తీసేయడం కాదు, అదే కార్మికుడికి బండి తోలడం నేర్పి, డ్రైవరు హోదా, డ్రైవరు జీతం ఇవ్వడం. అతనికి గల్లీ తెలుసు, ఏ ఇంటి మెట్టు ముందుకు వచ్చి ఉంటుందో, ఏ మోరీ ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలుసు. బయటి కాంట్రాక్టరు డ్రైవరుకు ఆ ఎరుక రమ్మన్నా రాదు. పిల్లలు తిరిగే గల్లీలో బండి నడిపేటప్పుడు ముందు ఒక మనిషి నడవాలి, కరెంటు తీగలు సరిచూశాకే బండి కదలాలి. ఈ రెండు నియమాలనూ రాతపూర్వకంగా పెట్టాలి.

ఏడాదిలో ఒకటి రెండు వారాల పనికి బళ్లు కొని మిగతా కాలమంతా షెడ్డులో తుప్పు పట్టించాలా అన్న ప్రశ్నకు తోట ట్రాక్టరే జవాబు. మంచు దేశాల్లో ఎవరూ మంచు కోసమని విడిగా దాన్ని కొనరు. వేసవిలో గడ్డి కోస్తుంది, ఎండుటాకులు లాగుతుంది, మట్టి మోస్తుంది, చలికాలంలో మాత్రమే బ్లేడు తగిలించుకుంటుంది. లింబాయత్‌లో కూడా మినీ ట్రాక్టరు ఏడాది పొడవునా ఇరుకు గల్లీల్లో కూల్చిన గోడల చెత్త మోయొచ్చు, నీళ్ల ట్యాంకరు లాగొచ్చు, వానలకు ముందు మోరీల నుంచి తీసిన పూడికను తీసుకెళ్లొచ్చు. బ్లేడు మాత్రమే వానాకాలపు వస్తువు. అది ఇనుప పలక, వెల్డింగ్ షాపులో చేయించుకోగలిగిన పని.

ఇది ఒక్క సూరత్ సంగతే కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను, మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచినప్పుడు నీళ్లు దిగాక ఇళ్లల్లో, వీధుల్లో మిగిలింది ఈ బురదే. విజయవాడలో అగ్నిమాపక యంత్రాలను రప్పించి ఇళ్లను, వీధులను కడిగించారు. అది మంచి ఆలోచన, అక్కడి ప్రజలకు మేలు చేసింది. అయితే అప్పటికప్పుడు కూడగట్టిన సాయానికీ, ముందే సిద్ధం చేసి పెట్టుకున్న ఏర్పాటుకూ తేడా ఉంది. మొదటిది అధికారుల చురుకుదనం మీద ఆధారపడుతుంది, రెండోది ఎవరు పదవిలో ఉన్నా పనిచేస్తుంది. తెలుగు రాష్ట్రాల మున్సిపాలిటీల్లో వాగు పక్క కాలనీలన్నింటికీ ఈ ఏర్పాటు అవసరమే.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. వచ్చే మే నెలాఖరుకు ఖాడీ ఒడ్డు వార్డుల్లో ఒక్కోదానికి కనీసం రెండు మినీ ట్రాక్టర్లు, ఎత్తు సర్దుకునే బ్లేడ్లు, ఒక తొట్టి బండి సిద్ధంగా ఉండాలి. వాటిని తోలే కార్మికుల పేర్లు వార్డు ఆఫీసు గోడ మీద ఉండాలి. మ్యాన్‌హోళ్ల గుర్తులు, బురద పోసే చోట్లు గల్లీ వారీగా గీసిన పటం మీద ఉండాలి. ఆ పటం గుజరాతీ, హిందీ, మరాఠీలతో పాటు తెలుగులో కూడా ఉండాలి, ఎందుకంటే తమ గల్లీని బాగా ఎరిగిన సాంచా కార్మికులు, చీరలు కుట్టే ఆడవాళ్లు చదివి తప్పులుంటే దిద్దగలగాలి. నీళ్లు దిగిన నలభై ఎనిమిది గంటల్లో ఎన్ని గల్లీలు తెరుచుకున్నాయో జోన్ ఆఫీసు రోజువారీగా ప్రకటించాలి. పెద్ద రోడ్డు మీద బండ్లు తిరగడాన్ని కాకుండా చివరి గల్లీలోని కార్మికుడు మళ్లీ సాంచా దగ్గర నిలబడిన రోజును వరద ముగిసిన రోజుగా లెక్కించాలి. ఈ కొలతను నగరం ఒప్పుకుంటే మిగతా ఏర్పాట్లను అదే కొలత చేయిస్తుంది.